యూబికీ: మా సీఏ ఆఫీసులో ఏడాది పైగా వాడాక

యూబికీ అంటే లాగిన్‌కి ఓటీపీ బదులు కంప్యూటర్‌కి గుచ్చి వాడే చిన్న తాళంచెవి, యూబికో అనే కంపెనీ చేస్తుంది. ముందే చెప్పేస్తాను. కొనండి. కానీ మనిషికి రెండేసి చొప్పున కొనండి. ఇప్పుడు ఒక్కోదానికే డబ్బు సర్దుబాటవుతుందంటే, రెండు నెలలు ఆగి రెండూ ఒకేసారి తీసుకోండి. ఎందుకో కింద చెప్తాను.

మాది విజయవాడ సూర్యారావుపేటలో సీఏ ఆఫీసు. ఇద్దరు సార్లు, ఆర్టికల్స్ పిల్లలు (మా దగ్గర పని నేర్చుకునే సీఏ విద్యార్థులు), అకౌంటెంట్లు అంతా కలిపి ముప్పై ఒక్కమందిమి. రైసుమిల్లులు, రొయ్యల ఎగుమతిదార్లు, విత్తనాల డీలర్లు, నాలుగైదు నర్సింగ్‌హోములు మా క్లయింట్లు. నేను అకౌంటెంటుగా చేరి పందొమ్మిదేళ్ళయింది. కంప్యూటర్ల పని నాకు ఎవరూ అప్పగించలేదు. నెట్ పోతే కేబుల్ కుర్రాడికి ఫోన్ చేసేదాన్ని నేనే కాబట్టి, ఆ బాధ్యత మెల్లిగా నా దగ్గరకి చేరింది.

ఇంటి నుంచి పని కరోనా రోజుల్లోనే చేశాం గానీ, అప్పుడంతా ఎలాగో గడిపేశాం. మా కళ్ళు తెరిపించింది బుడమేరు వాగు వరద. 2024 ఆగస్టు 31న కురిసిన వానకి తెల్లారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్ళలో ఉన్నాయి. మా ఆఫీసు వీధిలో నీళ్ళు లేవు, స్టాఫులో తొమ్మిదిమంది మాత్రం అటువైపు వాళ్ళే. సెప్టెంబరంటే మాకు ఊపిరి సలపని నెల. పదకొండున జీఎస్‌టీఆర్-1, ఇరవైన 3బి అనే జీఎస్‌టీ రిటర్నులు, నెలాఖరుకి ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులు. ఆ ఏడు ఆడిట్ గడువు అక్టోబరు 7 దాకా పెంచారు గానీ, ఆ సర్క్యులర్ వచ్చింది సెప్టెంబరు 29న. అప్పటిదాకా మేమంతా 30వ తేదీనే తలుచుకుని పరుగెత్తాం.

పడవల్లో బయటపడ్డవాళ్ళు గుడివాడలో, తెనాలిలో, నూజివీడులో చుట్టాల ఇళ్ళకి చేరి, ఆ ఇంట్లో ఏ లాప్‌టాప్ ఉంటే దాని మీదే పని మొదలుపెట్టారు. మా లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ డేటా ఆఫీసులో సర్వర్ మీద ఉంటుంది. బయట నుంచి దాన్ని అందుకోవడానికి రూటర్లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు, అంటే దూరం నుంచి సర్వర్ తెరిచి వాడుకునే దారి, నేరుగా ఇంటర్నెట్‌కి తెరిపించాం. తెరిపించమని చెప్పింది నేనే. అంటే ఈ ప్రపంచంలో ఎవరైనా వచ్చి మా సర్వర్ తలుపు కొట్టి చూడొచ్చు. తర్వాత ఆ ప్రయత్నాలు నమోదయ్యే లాగ్ తీసి చూస్తే రాత్రీ పగలూ కొడుతూనే ఉన్నారు. ఇక మెయిల్ లాగిన్‌కి ఓటీపీ ఫోన్‌కి రావాలి. నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళ ఫోన్లకి ఛార్జింగ్ లేదు, సిగ్నల్ లేదు. ఒక అమ్మాయి రెండో అంతస్తు బాల్కనీలో నిలబడి, ఫోనులో మిగిలిన ఛార్జింగ్‌ని మా ఓటీపీ కోసం దాచిపెట్టుకుంది. ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసుకోకుండా. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు బాగోదు.

నీళ్ళు తగ్గాక సార్లు ఒక నిర్ణయానికొచ్చారు. ఇకమీదట మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. మళ్ళీ ఇలాంటిది వస్తే పని ఆగకూడదు. దానికి తగ్గట్టు సిద్ధం చెయ్యమన్నారు. చేసేలోపే నవంబరులో దెబ్బ తగిలింది.

తెనాలిలో ఇంటి నుంచి పనిచేస్తున్న మా ఆర్టికల్ అమ్మాయికి సాయంత్రం ఏడింటికి ఒక మెయిల్ వచ్చింది. మా క్లయింటు అసలు ఐడీ నుంచే వచ్చింది. వాళ్ళ మెయిల్‌బాక్స్ అప్పటికే వేరేవాళ్ళ చేతిలో ఉందని తర్వాత తెలిసింది. ‘బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ చూడగలరు’ అని లింకు. నొక్కితే మా మెయిల్ లాగిన్ పేజీ లాంటిదే తెరుచుకుంది. పాస్‌వర్డ్ కొట్టింది. ఓటీపీ వచ్చింది, అదీ కొట్టింది. ఫైలు తెరుచుకోలేదు. నెట్ స్లో అనుకుని వదిలేసింది.

ఐదు రోజులకి నందిగామ నుంచి రైసుమిల్లు ఓనరు గారు ఫోన్ చేశారు. “అమ్మా, మీ ఫీజు కట్టే అకౌంటు మార్చారంటగా, నిజమేనా?” అని. మా లెటర్‌హెడ్, మా బిల్లు నంబరు, జీఎస్‌టీతో కలిపి 1,18,000 మొత్తం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బ్యాంకు అకౌంటు నంబరొక్కటే మాది కాదు. ఆ పెద్దాయన ఎవరికి డబ్బు పంపాలన్నా ముందు ఫోన్ చేసి అడిగే మనిషి కాబట్టి ఆ డబ్బు నిలిచింది. ఆ అమ్మాయి మెయిల్ సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే ఆమె ఎప్పుడూ పెట్టని ఫిల్టర్ ఒకటుంది. ‘అకౌంట్’, ‘పేమెంట్’ అన్న మాటలున్న ఏ మెయిలొచ్చినా నేరుగా ట్రాష్‌లోకి వెళ్ళిపోయేలా రాసిపెట్టారు. క్లయింటు అనుమానం వచ్చి మెయిల్లో అడిగినా ఆమె కంటబడదన్నమాట. ఇలాంటిది జరిగితే ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లోనే ఉంది. లాగులు 180 రోజులు ఉంచాలనీ ఉంది. మాకు ఆ రెండు సంగతులూ అప్పుడే తెలిశాయి.

ఆ అమ్మాయి ఏడ్చింది. పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా ఉండగా ఎలా జరిగిందని అందరూ ఆమెనే అడిగారు. ఆమె తప్పేం లేదు. ఆ దొంగ పేజీ మధ్యలో కూర్చుని, ఆమె కొట్టిన ప్రతి అక్షరాన్నీ ఆ క్షణమే అసలు పేజీకి అందించింది. ఓటీపీ కూడా అలాగే అందింది. అసలు పేజీ లాగిన్ ఒప్పుకుని ఇచ్చిన సెషన్ కుకీని, అంటే లోపలికి వచ్చేశారని చెప్పే గుర్తింపు చీటీని, మధ్యవాడు జేబులో వేసుకున్నాడు. మనిషి చూసి, చేత్తో టైపు చేసే అంకెలు ఏవైనా సరే, వాటిని అడిగి తీసుకోవచ్చు.

యూబికీ దగ్గరకి నేను వచ్చింది ఇలాగే. చేతిలో పట్టుకుంటే 18 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల పొడవు, మూడు నాలుగు గ్రాముల బరువు. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు. మధ్యలో బంగారు రంగు బిళ్ళ. లాప్‌టాప్‌కి గుచ్చి పాస్‌వర్డ్ కొట్టాక చిన్న ఆకుపచ్చ దీపం మినుకుతుంది, ఆ బిళ్ళ మీద వేలు ఆనిస్తే లోపలికి వెళ్తాం. ఎన్‌ఎఫ్‌సీ (దగ్గర పెడితే చాలు, వైరు లేకుండా చదివే సదుపాయం) ఉన్న ఫోనుకైతే వెనక ఆనిస్తే చాలు.

మావాళ్ళకి దీన్ని అర్థమయ్యేలా చెప్పడం నేను అనుకున్నంత కష్టం కాలేదు. ఏ సీఏ ఆఫీసులోనైనా ఒక సొరుగు నిండా క్లయింట్ల డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్లు ఉంటాయి, ఒక్కోదాని మీద పేరు రాసిన స్టిక్కరు అంటించి. సంతకం చేసే రహస్య కీ ఆ టోకెన్ లోపలే ఉంటుంది, బయటికి రాదు, కాపీ తీయలేం. ఇదీ అదే జాతి. “మన డాంగిల్ లాంటిదే, కానీ మన లాగిన్‌కి” అన్నాను. అంతే, పట్టేశారు. తేడా ఏంటంటే దీనికి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించక్కర్లేదు, రెండు మూడేళ్ళకి గడువు తీరి రెన్యువల్ చేయించక్కర్లేదు. అసలు గొప్పతనం వేరే చోట ఉంది. కీని ఒక సైటుకి నమోదు చేసినప్పుడు ఆ సైటు చిరునామాతో ముడివేసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత లాగిన్ అడుగుతున్నది ఏ చిరునామానో బ్రౌజరే కీకి చెప్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ముడి కలవదు, సంతకం రాదు. మన కళ్ళు మోసపోయినా అది మోసపోదు. ఈ పద్ధతికి పేరు ఫిడో. బ్రౌజర్ల వైపు దీన్ని వెబ్‌ఆథెన్ అంటారు, 2019 మార్చిలో వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఖాయం చేసింది. ఇది యూబికో సొంత ఆస్తి కాదు, వేరే కంపెనీల కీలు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తాయి.

పెద్ద సార్‌ని ఒప్పించడానికి నేను రెండు సంగతులు పట్టుకెళ్ళాను. ఉద్యోగులందరికీ కీలు తప్పనిసరి చేశాక 85 వేలకి పైగా ఉన్న తమ స్టాఫులో ఒక్కరి ఆఫీసు అకౌంటు కూడా ఇలాంటి దొంగ పేజీల మోసంలో (ఫిషింగ్‌లో) పోలేదని 2018లో గూగుల్ చెప్పింది. 2022 జులైలో ఇంటర్నెట్ భద్రత చూసే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఉద్యోగుల మీద, మా అమ్మాయి మీద పడినలాంటి వలే పడింది. ముగ్గురు పాస్‌వర్డ్ కొట్టేశారు కూడా. కీలు ఉండబట్టి దొంగలు గడప దాటలేదు. రెండోది విని సార్ “అంత తెలిసినవాళ్ళే కొట్టేశారా?” అని కుర్చీలో ముందుకి వచ్చారు. “మరి మన పిల్లని ఎందుకు తిట్టాం” అని కూడా అన్నారు. నాకు ఆ మాటే ముఖ్యం.

మేము తీసుకున్నది యూబికీ 5 కాదు, అదే కంపెనీ తక్కువ రకం, సెక్యూరిటీ కీ ఎన్‌ఎఫ్‌సీ. ఫిడో ఒక్కటే చేస్తుంది. 5 సిరీస్‌లో స్మార్ట్‌కార్డు వగైరా చాలా ఉంటాయి, ధర దాదాపు రెట్టింపు. మనలాంటి ఆఫీసుకి అవి అక్కర్లేదు. మాకు మనిషికి రెండు కీలూ కలిపి ఎనిమిది వేలకి అటూ ఇటూ పడింది, మొత్తం రెండున్నర లక్షలు. కొనేముందు ప్రతి లాప్‌టాప్ పోర్టూ చూసుకోండి. మావాటిలో కొన్నిటికి టైప్-సీ, కొన్నిటికి పాత యూఎస్‌బీ-ఏ. ఇంకొకటి, కీ లోపల ఉండే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, 5.7 గానీ ఆపైది గానీ ఉండాలి. పెట్టె తెరవగానే యూబికో అథెంటికేటర్ యాప్‌లో గుచ్చితే కనబడుతుంది. అంతకు ముందువాటిలో, ఇన్ఫినియన్ అనే కంపెనీ చిప్పులోని సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి సంబంధించిన లోపం ఒకటి 2024 సెప్టెంబరులో బయటపడింది. కీని చేతికి తీసుకుని, పై తొడుగు విప్పి, ఖరీదైన పరికరాలు పెడితే తప్ప ఆ లోపంతో లోపలి రహస్య కీని కాపీ తీయలేరు, కాబట్టి పాతది ఉన్నవాళ్ళు భయపడక్కర్లేదు. కానీ ఈ కీలలో ఫర్మ్‌వేర్ మార్చే వీల్లేదు, కొత్తగా కొంటూ పాత స్టాకు తీసుకోవడం దేనికి?

2025 జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం అందరినీ కాన్ఫరెన్స్ టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి నమోదు చేయించాను. మా మెయిలు, ఫైళ్ళు గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉంటాయి. లాగిన్లో పాస్‌వర్డ్ తర్వాత రెండో అడుగుగా సెక్యూరిటీ కీ తప్ప ఇంకేదీ చెల్లదని అడ్మిన్ కన్సోల్లో పెట్టేయొచ్చు. ముందు అలా పెట్టలేదు. నెల రోజులు ఓటీపీనీ కీనీ రెండిటినీ ఉంచి, అందరి చెయ్యీ అలవాటయ్యాక ఓటీపీ తీసేశాను. ఈ ‘తీసేయడం’ దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఓటీపీ దారి తెరిచి ఉంచితే దొంగ పేజీ కీని అడగనే అడగదు, ఓటీపీయే అడుగుతుంది. మీరు పెట్టిన డబ్బంతా వృథా.

ఆ శనివారం పెద్ద సార్ బిళ్ళ మీద వేలు గట్టిగా అదిమి, తుడిచి, మళ్ళీ అదిమి “నా వేలిముద్ర పడట్లేదమ్మా” అన్నారు. ఆధార్ యంత్రం దగ్గర పడ్డ అవస్థ ఆయన మనసులో ఉంది. ఇది వేలిముద్ర చూడదు సార్, మనిషి ఎవరో ఒకరు తాకారా లేదా అన్నదే చూస్తుంది, ఎవరి వేలైనా ఒకటే అని చెప్పాక తేలికపడ్డారు. మరి ఎవరి చేతికైనా చిక్కితే? పాస్‌వర్డ్ లేకుండా ఒట్టి కీతో లోపలికి రాలేరు. పైగా కీకి పిన్ కూడా ఉంది, కొన్నిచోట్ల అడుగుతుంది. వరసగా ఎనిమిదిసార్లు తప్పు కొడితే కీ బిగుసుకుపోతుంది. దాన్ని రీసెట్ చేస్తే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ మొదటి నుంచి నమోదు చేసుకోవాలి. మా అకౌంటెంటు ఒకాయన మార్చి నెలాఖరు హడావిడిలో ఎనిమిదీ పూర్తిచేశారు. రెండో కీ ఉంది కాబట్టి పని ఆగలేదు.

రెండో కీ ఎక్కడుండాలన్న సంగతి మాకు దెబ్బ తగిలాకే తెలిసింది. మొదట అన్నీ కవర్లలో సీలు వేసి ఆఫీసు బీరువాలో పెట్టాను. పొందికగా ఉందనుకున్నాను. మార్చిలోనే తెనాలి అమ్మాయి కీ బస్సులో పడిపోయింది, అదీ ఇంటి నుంచి పనిచేసే రోజు ముందు రాత్రి. తెల్లారి మొదటి రైలెక్కి బీరువాలో కవరు కోసం విజయవాడ వచ్చింది. పోయిన కీని ఆమె అకౌంటులోంచి తీసేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, ఆమెకి సగం రోజు పోయింది. ఇంటికీ ఆఫీసుకీ మధ్య తిరిగే ఉద్యోగంలో రెండో కీ ఇంట్లోనే, బంగారం పెట్టుకునే చోట ఉండాలి. బ్యాగులో మొదటి కీతో కలిపి మాత్రం ఉండకూడదు. ఇప్పుడు బీరువాలో ఉన్నవి సార్లిద్దరివీ, నాదీ, అడ్మిన్ అకౌంటుదీ. ఆ బీరువా తాళం అటెండర్ బాబాయ్ దగ్గర, రిజిస్టర్లో ఇద్దరి సంతకాలు లేనిదే ఆయన తీయడు.

కీ చేయలేనివి కూడా చెప్పాలి. జీఎస్‌టీ, ఇన్‌కమ్‌ట్యాక్స్ పోర్టళ్ళలో మా రోజువారీ పనికి ఇది పనికిరాదు, అక్కడ పాస్‌వర్డూ ఓటీపీలే. ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్‌లకి 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ రెండో అడుగు తప్పనిసరైంది, అదీ ఓటీపీయే. కాబట్టి క్లయింట్ల ఓటీపీలు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయించుకోవడం మానేశాం, ఫోన్ చేసే చెప్పించుకుంటాం.

అంతకన్నా ముఖ్యం, లాప్‌టాపే చెడితే కీ కాపాడలేదు. లాగిన్ అయిపోయాక బ్రౌజర్‌లో ఉండే కుకీని ఎత్తుకుపోయే దొంగ ప్రోగ్రాములున్నాయి. వరద రోజుల్లో మావాళ్ళు పనిచేసిన చుట్టాల లాప్‌టాపుల్లో ఒకదాంట్లో ఆ ఇంటి పిల్లాడు ఉచిత గేమని ఏదో ఎక్కించి ఉన్నాడు. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్ మీద ఆఫీసు పని వద్దని అప్పుడే ఖాయం చేసుకున్నాం. 2022లో జనం పాస్‌వర్డ్‌లు దాచుకునే లాస్ట్‌పాస్ కంపెనీకి తగిలిన పెద్ద దెబ్బలో కూడా దొంగలు వాడుకున్నది ఒక ఇంజినీరు ఇంటి కంప్యూటర్నే. అందుకని అందరికీ ఆఫీసు లాప్‌టాపులే ఇచ్చాం. విండోస్ 11 ప్రో, డిస్కులోని డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్. ప్రో ఎందుకంటే హోమ్ ఎడిషన్లో పూర్తి బిట్‌లాకర్ ఉండదు. రికవరీ కీలు ప్రింటు తీసి అదే బీరువాలో పెట్టాం. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు అయిపోయింది కాబట్టి పాతవి ఎలాగూ మార్చాల్సినవే. ట్యాలీ సర్వర్‌కి తెరిచిన ఆ పోర్టు మూసేసి, మావాళ్ళకి మాత్రమే దారిచ్చే వీపీఎన్, వైర్‌గార్డ్, పెట్టించాం. తెలియనివాళ్ళు తలుపు కొడితే అది అసలు జవాబే ఇవ్వదు. ఇప్పటిదాకా దాంతో ఒక్క ఇబ్బంది లేదు కాబట్టి దాని గురించి ఇంకేం రాయను.

మిగిలిన బలహీనమైన చోటు నేనే. ఇదివరకు “అక్కా, ఫోన్ పోయింది, పాస్‌వర్డ్ మార్చవా” అని ఎవరు ఫోన్ చేసినా వెంటనే మార్చేసేదాన్ని. 2023 సెప్టెంబరులో అమెరికాలో ఎంజీఎం కాసినోల్లోకి దొంగలు దిగింది హెల్ప్‌డెస్కుకి ఫోన్ చేసేనని వార్తల్లో చదివాను. ఇప్పుడు ఎవరు అడిగినా ఫోన్ పెట్టేసి, రిజిస్టర్లో ఉన్న నంబరుకి నేనే తిరిగి చేస్తాను. వీడియోలో మొహం చూశాకే, కీ లేనప్పుడు లాగిన్‌కి వాడే బ్యాకప్ కోడ్ ఇస్తాను. పెద్ద సార్‌కైనా ఇంతే. మొదటిసారి ఆయనకి కోపం వచ్చింది. అయినా వీడియో ఆన్ చేశారు.

మొన్న డిసెంబరులో గుడివాడ నుంచి పనిచేస్తున్న కొత్త ఆర్టికల్ కుర్రాడు ఫోన్ చేశాడు. “మేడమ్, నా కీ పాడైపోయింది. లాగిన్ పేజీ వచ్చింది, పాస్‌వర్డ్ కొట్టాను, కీ గుచ్చాను. దీపం వెలగట్లేదు.” రెండో కీ పెట్టి చూశావా అన్నాను. “అదీ వెలగట్లేదు మేడమ్.” రెండూ ఒకేసారి ఎలా పాడవుతాయి? పైన అడ్రసు బార్‌లో ఏముందో అక్షరం అక్షరం చదవమన్నాను. చదివాడు. నాలుగో అక్షరం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఆ ట్యాబు మూయించి, పాస్‌వర్డ్ మార్పించి, మెయిల్ సెట్టింగుల్లో ఫిల్టర్లు చూశాను. ఏమీ లేవు. తర్వాత తెనాలి అమ్మాయిని పిలిచి ఈ సంగతి చెప్పాను. ఆమె ఆ కుర్రాడికి తనే ఫోన్ చేసి అరగంట మాట్లాడింది.

జూన్‌లో కొత్త బ్యాచ్ ఆర్టికల్స్ నలుగురు చేరుతున్నారు. ఎనిమిది కీలకి ఆర్డరు పెట్టాను, అన్నీ టైప్-సీ.